ఆఠీను తొమ్మిది

జూన్ 2

ఈ ఏడాది డైరీ నాసిరకం. మొదటి నెలల్లో గీతలు బాగానే ఉండేవి. ఇప్పుడు పేజీ మధ్యకు వచ్చేసరికి వంగుతున్నాయి. లోపలి పేజీలకు మిగిలిన పాత కాగితం కలిపి కుట్టి ఉంటారు.

పేక ఒక కట్ట కోశాను. పాడైనవి ఆరు ముక్కలు. బ్లేడు మార్చాలి.

జూన్ 4

బ్లేడు మార్చాను. పాడైనవి ఎనిమిది.

జూన్ 5

మనవరాలికి మేజిక్ ప్రోగ్రాం దొరికింది. స్టేషను వెనక హాల్లో, ఇరవయ్యో తారీఖు శనివారం సాయంత్రం. మేనేజరు స్వయంగా ముందు వరసలో కూర్చుని చూస్తాడు. నచ్చితే ప్రతి శనివారం దానికే ఇస్తాడు. నచ్చకపోతే నెలాఖరున ఆసుపత్రి రిసెప్షను ఉద్యోగంలో చేరిపోవాలి. ఆ ఉద్యోగం దాని తల్లి మాట్లాడి పెట్టింది. నా కూతురు ఆ ఆసుపత్రిలోనే నర్సు. మేజిక్ అంటే దానికి కోపం కాదు, భయం. మేజిక్ ఆడే తండ్రి వెంట ఊళ్ళు తిరుగుతూ, సామాను పెట్టెల మీద నిద్రపోతూ పెరిగింది.

తల్లీ కూతుళ్ళ ఒప్పందానికి నన్ను సాక్షిగా కూర్చోబెట్టారు.

"ఒక్క ప్రోగ్రామమ్మా. అది కుదరకపోతే నేను మళ్ళీ మాట్లాడను" అంది పిచ్చుక. నెలలు నిండకుండా పిడికెడంత పుట్టిందని ఆయన పెట్టిన పేరు. ఇప్పుడు వంటగది గుమ్మంలో తల వంచుకుని వస్తోంది.

"నువ్వు మాట్లాడకుండా ఉండడమా! అది చూడ్డానికి టికెట్టు పెట్టినా వస్తాను" అంది తల్లి.

"కట్ట నువ్వే కోస్తావుగా అమ్మమ్మా?"

"ఇంకెవరు కోస్తారు?" అన్నాను.

ఆయన ఆడినన్నాళ్ళూ నేనే కోశాను. పొద్దున బళ్ళో లెక్కలు చెప్పేదాన్ని, సాయంత్రం ఇంట్లో ముక్కలు కోసేదాన్ని. ఆయన పోయాక కట్టరు మీద గుడ్డ కప్పాను. ఇది పన్నెండేళ్ళ వయసులో ఆ గుడ్డ తీసింది.

జూన్ 7

ఇవాళ మళ్ళీ అదే గోల. "ఒక్క ముక్క నన్ను కోయనివ్వవే అమ్మమ్మా. ఒక్కటి."

ఆడేవాళ్ళు కోయకూడదు. ఇది ఈ ఇంటి నియమం. కోసిన మనిషి స్టేజీ మీద కూడా తన కోతనే చూసుకుంటుంది. ఆ చూపు ఎటు పోతోందో జనం పట్టేస్తారు. ఆయన ఒకసారి సరదాకి కోసి, ఆ వారమంతా ముక్కల అంచులే చూసుకుంటూ ఆడారు.

"అయితే నాకేం తెలియాలి?"

"ఎక్కడ ఆపాలో తెలియాలి. అప్పజెప్పు."

అప్పజెప్పింది, ఎక్కాలు చదివే పిల్లలా ఊగుతూ. సగం ముక్కలు ఆఠీను తొమ్మిదులు, వాటిని వెంట్రుకవాసి పొట్టిగా కోస్తాం. మిగతా సగం వేరువేరు ముక్కలు, వాటి నిడివి ముట్టుకోం. పొట్టిదొకటి నిండుదొకటి వరసగా పేరుస్తాం. అంచు వంచి చర్రున వదిలితే జనానికి నిండు ముక్కలే కనిపిస్తాయి, కాబట్టి అన్నీ వేరువేరని నమ్ముతారు. "ఆపు" అన్నచోట ఆపి పైముక్క తీస్తే పొట్టిదే చేతికొస్తుంది. ఎవరు ఎక్కడ ఆపమన్నా ఆఠీను తొమ్మిదే. ఆట మొదలవకముందే ఒక ఆఠీను తొమ్మిదిని కవర్లో పెట్టి స్టేజీ మీద అందరికీ కనపడేలా వేలాడదీస్తాం. చివర కవరు తెరుస్తాం.

"ఇంకోటి మర్చిపోయావు" అన్నాను.

"కొత్త కట్ట స్టేజీ మీదే తెరవాలి. ముందే తెరిచి సాధన చేస్తే చేతి చెమటకు ముక్క ఉబ్బుతుంది, పొట్టిది పొట్టిగా ఉండదు. సాధనకు పాత కట్ట. సరేనా టీచరుగారూ?"

తొమ్మిదుల కోసం పేకాట క్లబ్బులో పక్కన పడేసిన కట్టలు తెచ్చుకుంటాం. అందువల్ల మా ఇంట్లో పేకలకు లోటు లేదు కానీ, ఏ కట్టలోనూ ఆఠీను తొమ్మిది ఉండదు. నా కూతురు చిన్నప్పుడు బయట ఎక్కడో పేకాటలో ఆ ముక్క చూసి, ఇది దొంగ పేక అని గొడవపెట్టింది.

జూన్ 9

పేపరు వాళ్ళు సిరా పొదుపు చేస్తున్నారు. ప్రతి మాటలోనూ నడిమి అక్షరం పడడం లేదు.

"పేపరు పక్కకు పెట్టుకుని చదువుతున్నావేంటమ్మా?" అంది కూతురు.

మెడ పట్టేసిందన్నాను. డ్యూటీకి వెళ్ళే ముందు గుమ్మంలో కాసేపు నిలబడింది. నిలబడే టైముంటే గిన్నెలు కడగొచ్చు.

జూన్ 11

పాడైనవి పదకొండు. బల్బు మార్పించాను.

జూన్ 12

పాడైనవి పదమూడు. కట్టరు మీది కొలత గీత వంగింది. ఇనుము వంగుతుందా అంటే, పాతబడితే వంగుతుంది కాబోలు.

పిచ్చుక పక్కనే పాత కట్టతో సాధన చేస్తోంది. "పాడైనవి నాకియ్యి, పారేస్తా" అని చేత్తో తీసుకుని ఒక్కొక్కటే తిప్పి చూసింది. "బానే ఉన్నాయిగా, ఇవెందుకు పాడు?" అంది. దానికి కోత గురించి ఏం తెలుసు.

జూన్ 14

ప్రోగ్రాం కట్ట ఇవాళ కోశాను.

తొమ్మిదులు ఎడమకు, మిగతావి కుడికి పేర్చుకుని కూర్చున్నాక వెలుతురు చాలదనిపించింది. స్టూలు బల్లకు అవతలి వైపు, కిటికీ కిందికి జరుపుకున్నాను. ఎండ నేరుగా పడింది. ఎడమ దొంతర తీసుకున్నాను. పైముక్క చూసుకున్నాను, తొమ్మిదే. మూలన అంకెలు ఈ మధ్య మరీ చిన్నవి వేస్తున్నారు కాబట్టి బొట్లు లెక్కపెట్టుకున్నాను.

చెయ్యి బాగా సాగింది. పాడైనవి ఒక్కటీ లేదు. చాన్నాళ్ళయింది ఇలా రాసి.

కోసిన ముక్క మూలలు పదునుగా ఉంటాయి, గోటికి తగులుతాయి. అవి గుండ్రం చేసి, రెండు దొంతర్లూ కలిపి పేర్చి, అంచు మీద వేలు నడిపాను. పొట్టి, నిండు, పొట్టి, నిండు. ఎక్కడా తప్పలేదు. పెట్టెలో పెట్టి మూత అంటించాను.

కూతురికి చూపించాను. "చూశావా, అంతా వెలుతురులో ఉంది" అన్నాను. "ఊఁ" అంది.

జూన్ 17

వాన. కట్ట బీరువాలో, బట్టల మధ్య పెట్టాను.

జూన్ 20

ప్రోగ్రాం అయింది. చప్పట్లు బాగానే కొట్టారు.

జూన్ 21

నిన్న రాసింది అబద్ధం కాదు. చప్పట్లు కొట్టారు. కానీ అది లెక్క కాదు. చేసిన పనంతా చూపించకుండా జవాబు ఒక్కటే రాసిన పిల్లలకు నేను మార్కులు వేసేదాన్ని కాదు.

నేను చివరి వరసలో కూర్చున్నాను. అంత దూరం నుంచి స్టేజీ ఎవరికీ సరిగ్గా కనపడదు. కూతురు నా పక్కన, డ్యూటీ బట్టల్లోనే వచ్చింది. తాడు ఆట, గ్లాసుల ఆట బాగా నడిచాయి. తర్వాత కట్ట పెట్టె మూత చింపిన చప్పుడు.

"ఇవన్నీ వేరువేరు ముక్కలు. మీరే చూడండి" అంది పిచ్చుక. చర్రుమని వదిలింది. ఆ చప్పుడులో ఏ తేడా లేదు. నా కోత చప్పుడు నాకు తెలుసు.

ముందు వరసలోంచి ఒక బొంగురు గొంతు, "ఏం వేరమ్మా! అన్నీ ఎర్ర తొమ్మిదులేగా!" అని అరిచింది.

"అచ్చువేసేవాడు మధ్యలో నిద్రపోయాడేమోనండీ" అంది పక్కన ఎవరో ఆవిడ. హాలంతా నవ్వు.

అన్నీ తొమ్మిదులు కనిపించాయంటే నిండుగా ఉన్నవి తొమ్మిదులు. అంటే కోతపడ్డవి మిగతావి. లెక్క అంతే. బల్లకు అవతలి వైపు కూర్చుంటే ఎడమ కుడి అవుతుందని మూడో తరగతి పిల్లకు కూడా తెలుసు. వేలితో తడిమితే రెండు రకాల కట్టలూ ఒక్కలాగే ఉంటాయి. ఏవి పొట్టివో కన్నే చెప్పాలి.

కూతురు నా చెయ్యి పట్టుకుంది. విదిలించుకున్నాను.

స్టేజీ మీద ఎంతసేపు మాట లేదో నేను చెప్పలేను. ఆ తర్వాత పిచ్చుక గొంతు వినిపించింది, ఇంట్లో తల్లితో పోట్లాడే గొంతు. "అయ్యో, చూసేశారా! ఏం చేయనండీ, నాకు తొమ్మిదంటే పిచ్చి. వేరే ముక్క ఇంట్లోకి రానివ్వను. మీరు పైకి రండి బాబాయిగారూ. మీరే ఆపండి, మీరే తీయండి."

"తీసేదేముంది, తొమ్మిదే వస్తుంది" అన్నాడు బొంగురు గొంతాయన మెట్లెక్కుతూ.

"అదే నా ఆశ."

చర్రుమంది. "ఆపు" అన్నాడు.

"ఏం వచ్చింది?"

"ఇదేంటమ్మా… ఇస్పేటు రాణి!"

"అయ్యయ్యో. అమ్మా, మీరు రండి. మీరైనా నాకొక తొమ్మిది తీసిపెట్టండి, పుణ్యముంటుంది."

నిద్రపోయాడేమోనన్న ఆవిడకు కళావరు మూడు వచ్చింది. ఇంకొకరికి డైమను ఆసు. ప్రతిసారీ ముందు కట్ట చర్రుమనిపించి తొమ్మిదులే చూపించడం, వాళ్ళు తీస్తే ఇంకేదో రావడం, ఇది నెత్తి కొట్టుకుని బతిమాలడం. జనం పొట్ట పట్టుకుని నవ్వారు. పాడైన కట్టను అక్కడికక్కడే, నిలబడిన చోటే, తిరగేసి ఆడింది. ఆయనకు ఆ పని చేతనయ్యేదా అని ఆలోచించాను. చేతనయ్యేది కాదు.

కానీ కవరు స్టేజీ మీద అలాగే వేలాడింది. అందులో ఉన్నది ఆఠీను తొమ్మిది. ఎవరూ తీయని ముక్క.

బయటికొస్తుంటే మేనేజరు గుమ్మం దగ్గర ఆపాడు. "కవరు సంగతి మర్చిపోయావేంటమ్మాయ్?"

"మర్చిపోలేదు సార్" అంది పిచ్చుక.

"తడబడ్డావు. లేచావు. లేచిన తీరు నాకు నచ్చింది. కానీ ప్రతి శనివారం నువ్వు పడి లేస్తానంటే నేను టికెట్లు అమ్మలేను. వచ్చే శనివారం రా. ఆ కవరు తెరిచి చూపించు. అదే ఆఖరు." నా వైపు తిరిగి, "అమ్మగారూ, మీ మనవరాలికి నోరు బాగుంది" అన్నాడు.

"చెయ్యి కూడా బాగుంది" అన్నాను. ఎవరి చెయ్యి బాగాలేదో చెప్పలేదు.

జూన్ 22

పొద్దున పిచ్చుక నా మంచం మీద కూర్చుని చెప్పింది. కట్టలో ఏ తప్పూ లేదట. ప్రోగ్రాం ముందురోజు తనే మూత తీసి, కొత్త ఐటం కోసం పేర్పు మార్చిందట.

సరే అన్నాను.

సాయంత్రం

పేర్పు మారిస్తే పొట్టివి నిండువి అవుతాయా? బళ్ళో ఎన్ని అబద్ధాలు విన్నాను, ఇంత నాసిరకంది వినలేదు. మూత చిరిగిన చప్పుడు స్టేజీ మీద నా చెవులతో విన్నాను. స్టేజీ మీద తప్ప కట్ట తెరవని పిల్ల, నియమం తప్పానని నా మొహం మీద చెప్పింది. నేను తప్పానని చెప్పడానికి దానికి నోరు రాలేదు. అంత నోరున్న పిల్లకు.

కట్ట తెప్పించుకుని కిటికీ దగ్గర కూర్చున్నాను. పొట్టి ముక్కల్లో పైన ఉన్నదాన్ని సూటిగా చూస్తే తొమ్మిదే. మెడ తిప్పి పక్క చూపుతో చూస్తే పది. తొమ్మిదికీ పదికీ పక్కల బొట్లు నాలుగూ నాలుగే. తేడా అంతా నడుమనే. నాకు కనపడనిది ఆ నడుమే.

డైరీ గీతలు కూడా మెడ తిప్పి చూశాను. తిన్నగానే ఉన్నాయి.

కూతురు డ్యూటీ నుంచి వచ్చాక అడిగాను. "మీ ఆసుపత్రిలో కళ్ళ డాక్టరు ఏ రోజుల్లో ఉంటాడు?"

"ఎల్లుండి పదింటికి నీ పేరు రాయించే ఉంది" అంది చెప్పులు విప్పుతూ.

"ఎప్పుడు రాయించావు?"

"నీ మెడ పట్టేసిన రోజు. నువ్వే అడుగుతావని ఆగాను. నేను అడిగితే తన్నవూ?"

జూన్ 24

డాక్టరు కుర్రవాడు. నా చేతికి గళ్ళ కాగితం ఇచ్చాడు. మధ్యలో ఉన్న చుక్కను చూస్తూ గీతలు ఎలా ఉన్నాయో చెప్పమన్నాడు.

"ఈ కాగితం ఎవరు అచ్చువేశారు? గళ్ళు సమంగా లేవు" అన్నాను.

"అందరికీ ఇదే కాగితం అమ్మా."

"నేను జన్మంతా గ్రాఫు కాగితాలు దిద్దాను, బాబూ."

"అందుకే మీకు నాకంటే ముందే తెలిసి ఉండాలి" అన్నాడు. మెత్తగానే అన్నాడు. పిల్లవాడికి బుద్ధి ఉంది.

కంటి వెనక పొర మధ్యలో దెబ్బతిందట, రెండు కళ్ళకూ ఉంది. కుడిది ఎక్కువ. సూదిమందు వేస్తే అక్కడితో ఆగొచ్చు. పోయిన నడిమి చూపు తిరిగి రాదు. పక్క చూపు ఉంటుంది కాబట్టి ఇంట్లో తిరగడానికి ఇబ్బంది లేదట. కోత సంగతి నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

అలసటగా ఉంది. పెద్దగా నడిచింది కూడా లేదు.

జూన్ 25

పొద్దున బల్ల దగ్గర పిచ్చుకను కూర్చోబెట్టాను.

"నియమం?" అంది.

"నేను చెప్పిన నియమమే. నేనే తీసేస్తున్నాను. కూర్చో. వీపు నిటారుగా."

ముక్కను గట్టిగా నొక్కుతుంది. నొక్కితే వంగుతుంది, వంగితే కోత ఏటవాలు పోతుంది. మూడు వేళ్ళతో ఆనించి ఊరుకోవాలని చెప్పాను. మళ్ళీ నొక్కింది. చేతి మీద ఒకటిచ్చాను.

"ఇరవై రెండేళ్ళదాన్ని కొడుతున్నావే!"

"ఇరవై రెండేళ్ళొచ్చాక కూడా నొక్కుతున్నావు."

పాడైనవి ముప్ఫై. నేను నేర్చుకున్న మొదటి రోజు నావి అంతకు రెట్టింపు. దానికి చెప్పలేదు.

జూన్ 26

పాడైనవి తొమ్మిది. సాయంత్రానికి ఒక కట్ట నిలిచింది.

కోత నేర్పడం తేలికే. కోసిన తర్వాత దాన్ని చూడకుండా ఉండడం ఎలా నేర్పను? నేను ఎన్నడూ స్టేజీ ఎక్కలేదు. దాన్ని ఎదురుగా నిలబెట్టి పాత కట్టతో ఆడించాను. అది ఎటు చూస్తోందో నాకు కనపడదు. తల్లిని పిలిచి నా పక్కన కూర్చోబెట్టాను.

"మళ్ళీ అంచు చూసింది" అంటుంది కూతురు.

"చూళ్ళేదు!"

"చూశావు. చిన్నప్పుడు జామ్ సీసా వైపు చూసినట్టు చూశావు."

భోజనాల వేళ దాకా ఇదే సాగింది. మేజిక్ అంటే పడని మనిషి, డ్యూటీ నుంచి వచ్చి కాళ్ళు కూడా కడుక్కోకుండా, "ఇంకోసారి" అంటూ కూర్చుంది. చివరికి వరసగా చాలాసార్లు ఏమీ అనలేదు. నిద్రపోయిందేమోనని గిల్లి చూశాను. మెలకువగానే ఉంది.

జూన్ 27

బయల్దేరే ముందు కట్ట నా చేతికిచ్చింది. అంచు మీద వేలు నడిపాను. పొట్టి, నిండు, పొట్టి, నిండు. ఒకచోట మూల గోటికి తగిలితే అది తీయించి గుండ్రం చేయించాను. మిగతాదంతా సరిగ్గా ఉంది.

కానీ పోయినసారి కూడా నా వేలు ఇదే చెప్పింది.

"పొట్టివి ఏవి?" అని అడిగాను.

"తొమ్మిదులు, అమ్మమ్మా."

"చూశావా?"

"చూశాను."

"మళ్ళీ చూడు."

తిప్పి చూసింది. "తొమ్మిదులే."

కట్ట కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి పక్క చూపుతో నేనే చూసుకోవచ్చు. ఒక్కొక్క ముక్కా తిప్పుతూ పోతే సాయంత్రమంతా పడుతుంది, చేతి చెమటకు ముక్కలు ఉబ్బుతాయి. అసలు కారణం అది కాదు. ఇంకా ఎన్ని శనివారాలు అలా చూడగలను?

ఈ ఇంట్లో నేను స్వయంగా చూడకుండా మూసిన పెట్టె లేదు. ఉప్పు డబ్బా కూడా. ఇవాళ మూత అంటించి ఇచ్చాను.

హాలుకు నేను వెళ్ళలేదు. కూతుర్ని పంపాను. అంచులు చూస్తోందో లేదో చూడడానికి ఒక మనిషి ఉండాలి.

జూన్ 28

శనివారాలు ఇచ్చాడు.

నిన్న తల్లీ కూతుళ్ళు మెట్ల దగ్గర నుంచే ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతూ వచ్చారు. ఎవరు ఏం చెబుతున్నారో అర్థం కాక ఇద్దర్నీ గోడకు నిలబెట్టి ఒక్కొక్కర్ని చెప్పమన్నాను. కవరు తెరిచిందట. ముగ్గురు తీసిన ముక్కా, కవర్లోదీ ఒకటేనట. మేనేజరు లేచి నిలబడి కవరు తిప్పి తిప్పి చూశాడట.

"అంచులు?" అని అడిగాను.

"ఒక్కసారి" అంది కూతురు. "నేను తప్ప ఎవరూ చూళ్ళేదు."

"ఒక్కసారి కూడా ఎక్కువే" అన్నాను.

"రిసెప్షను ఉద్యోగం సంగతి?" అంది పిచ్చుక తల్లితో.

"రేపు వద్దని చెప్తాను. ఇంతకీ నువ్వు మాట్లాడకుండా ఉంటే చూడాలనుకున్న టికెట్టు నాకు మిగిలిపోయింది."

ఇవాళ ఎవరూ లేవకముందే లేచాను. కట్టరు బ్లేడు తుడిచి నూనె రాశాను. వారానికొక కట్ట కావాలి. పాడైనవి లెక్క రాయడం ఇకమీదట దాని పని. ఈ డైరీ కూడా ఎన్నాళ్ళు రాస్తానో, రాసినంత కాలం మెడ తిప్పి రాయాలి.

పిచ్చుక నాకంటే చాలా పొడుగు. ఆ రెండు రోజులూ మోకాళ్ళు బల్లకు కొట్టుకుంటూనే కోసింది, నోరు తెరిచి చెప్పలేదు. స్టూలు కింద మర బిగుసుకుపోయింది. రెండు చేతులతో తిప్పాల్సి వచ్చింది.

కాఫీ గ్లాసుతో వచ్చి కూర్చుంది. కూర్చుని, కాళ్ళు బల్ల కిందికి చాపి, నా వైపు చూసింది. "స్టూలు ఎవరు దించారు?"

పాతది కదా, మర అరిగి అదే దిగి ఉంటుందన్నాను.